పద్దెనిమిది సంతకాల తర్వాత: అమెరికా నల్లజాతి కవిత్వంలో నేను, మేము, నిరసన

1773లో లండన్‌లో అచ్చయిన ఒక కవితా సంపుటి తెరిస్తే, పద్యాల కంటే ముందు ఒక ధ్రువపత్రం కనిపిస్తుంది. దాని కింద బోస్టన్ నగరానికి చెందిన 18 మంది పెద్దమనుషుల పేర్లున్నాయి. వాళ్లలో మసాచుసెట్స్ గవర్నర్ ఉన్నాడు. మూడేళ్ల తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద అందరికంటే పెద్ద అక్షరాలతో సంతకం చేసిన జాన్ హాంకాక్ కూడా ఉన్నాడు. ఈ పద్యాలు నిజంగానే ఫిలిస్ అనే నీగ్రో అమ్మాయి రాసినవేనని తాము నమ్ముతున్నామని వాళ్లు లోకానికి హామీ ఇచ్చారు.

ఆ అమ్మాయిని 1761లో పశ్చిమాఫ్రికా నుంచి పట్టుకొచ్చి బోస్టన్‌లో అమ్మారు. ముందు పళ్లు ఊడిపోయి ఉండటం చూసి ఏడేళ్లు ఉంటాయని లెక్కగట్టారు. తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. కొన్న యజమాని ఇంటిపేరు వీట్లీ. మనకు తెలిసిన ఫిలిస్ వీట్లీ అనే పేరు ఆ రెండూ కలిస్తే వచ్చిందే. కన్నవాళ్లు ఆమెను ఏమని పిలిచారో ఎక్కడా నమోదు కాలేదు.

అమెరికా నల్లజాతి రచయిత పేరుతో వచ్చిన తొలి కవితా సంపుటి అది. దానికి సాక్షి సంతకాలు ఎందుకు కావలసివచ్చాయో అర్థమైతే, ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల కవిత్వంలో చాలా సంగతుల చిక్కు విడిపోతుంది. పద్యం రాసిందంటే ఆ మనిషికి మనసుంది, బుద్ధి ఉంది, జ్ఞాపకం ఉంది. అవన్నీ ఉన్న మనిషిని వేలంలో అమ్మడానికి న్యాయం చెప్పుకోవడం కష్టం. అందుకే ఆమె పద్యాల మీద అంత పట్టుదలగా అనుమానపడ్డారు. మనుషులంతా సమానమని ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్, జీవితమంతా వందలమంది బానిసలకు యజమానిగా బతికినవాడు, వీట్లీ పద్యాలు విమర్శించే స్థాయికి కూడా రావని తన పుస్తకంలో రాసి వదిలేశాడు. అది సాహిత్య విమర్శ అనుకుంటే పొరపాటు. ఆమె కవి అని ఒప్పుకుంటే తన ఆస్తి లెక్కలు తారుమారవుతాయి.

ఈ కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా రెండు గంపలు పెట్టుకుంటాం. సొంత బతుకు, ఒళ్లు, ఇల్లు, ప్రేమ, అవమానం ఒక గంపలో, ఊరేగింపు, పోలీసు తూటా, చట్టం, నినాదం ఇంకో గంపలో. ఇక్కడ ఆ పంపకం పనికిరాదు. ‘నేను’ అనే హక్కే వివాదంలో ఉన్నవాళ్లు ‘నేను’ అంటూ మొదలుపెట్టిన ప్రతి పద్యమూ ఒక దావా. నా వాదన అంతా ఇదే. మిగతాది ఎవరు ఎలా ఆ దావా వేశారన్న కథ.

తెలుగు పాఠకులకు ఈ చర్చ కొత్తది కాదు. కారంచేడు, చుండూరు మారణకాండల తర్వాత, 1995లో ‘చిక్కనవుతున్న పాట’ దళిత కవితా సంకలనం వచ్చిన రోజుల్లో, అస్తిత్వ కవిత్వం మీద వచ్చిన అభ్యంతరాలు గుర్తుచేసుకోండి. ఇది కవిత్వమా, నినాదమా అన్నది ఒకటి. ఎవరి గోడు వాళ్లు చెప్పుకుంటూ పోతే అందరి పోరాటం ఏమవుతుందన్నది మరొకటి. అమెరికాలో ఈ రెండు ప్రశ్నలూ ఇరవయ్యో శతాబ్దం పొడుగునా నడిచాయి. జవాబులు చాలావరకు వ్యాసాల్లో కంటే కవితల్లోనే ఉన్నాయి.

ముందుగా నినాదం సంగతి. పాల్ లారెన్స్ డన్‌బార్ 1890ల్లో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో లిఫ్ట్ నడిపే కుర్రాడు. తన తొలి పుస్తకాన్ని లిఫ్టెక్కినవాళ్లకే డాలరుకి ఒకటి చొప్పున అమ్ముకున్నాడు. అతను యాసలో రాసిన పద్యాల్ని తెల్ల పాఠకులు ముచ్చటపడి కొన్నారు, అవే కావాలన్నారు. ఆ ముచ్చట అతనికి ఉరితాడైంది. మేం ముసుగు వేసుకుంటాం, అది నవ్వుతుంది, అబద్ధమాడుతుంది అంటూ సాగే అతని కవితలో రంగు ఊసే లేదు. ఎవరి ముసుగు, ఎవరి ముందు వేసుకున్నది అని ఒక్క ముక్క కూడా చెప్పడు. పేరు పెట్టి చెప్పలేని పరిస్థితి ఏమిటో ఆ మౌనమే చెబుతుంది.

క్లాడ్ మెకే జమైకా నుంచి వచ్చినవాడు. రైల్లో భోజనాల బోగీలో వెయిటర్‌గా పనిచేసేవాడు. 1919 వేసవిలో అమెరికాలో డజన్లకొద్దీ పట్టణాల్లో తెల్ల మూకలు నల్లవాళ్ల పేటల మీద పడ్డాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి తిరిగొచ్చిన సైనికుల్ని కూడా వదల్లేదు. రైలు ఆగిన చోటల్లా ఏ వీధిలో ఏం జరుగుతుందోనని బోగీ సిబ్బంది భయపడే రోజులవి. ఆ జులైలో మెకే సానెట్ అనే పాత ఇంగ్లీషు పద్యరూపంలో ఒక కవిత అచ్చువేశాడు. చావక తప్పకపోతే, దొడ్లో తోసి వేటాడిన పందుల్లా మాత్రం చావొద్దు, గోడకు ఆనుకుని అయినా ఎదురు కొడదాం అన్నది దాని సారం. దాన్ని తన తోటి వెయిటర్లకి చదివి వినిపించాడు. వాళ్లకు తను చదివి వినిపించిన కవిత అదొక్కటేనని, అందరిలోకీ ఆకతాయిగా తిరిగే ఒక వెయిటర్ అది విని ఏడ్చేశాడని తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.

ఆ సానెట్‌లో కూడా నలుపు, తెలుపు అన్న మాటలు లేవు. పద్నాలుగు పాదాలు, షేక్‌స్పియర్ వాడిన ప్రాసల అమరిక, పెద్దమనుషుల ఛందస్సు. ఆవేశం పొంగుతున్నప్పుడు ఇంత కట్టుదిట్టమైన రూపం ఎందుకు ఎంచుకున్నాడన్నది విమర్శకులు ఎప్పుడూ అడిగే ప్రశ్న. నాకు తోచే జవాబు ఇది: మా భాష నీకు రాదని, మా పద్యం నీకు అబ్బదని అన్నవాళ్లకి ఆ పద్యంలోనే తిరగబడటాన్ని మించిన తిరుగుబాటు లేదు. మన జాషువా కూడా పద్యాన్ని ఎవరి చేతుల్లోంచి తీసుకుని ఎవరికి అప్పగించాడో తెలిసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక రెండో ప్రశ్న, సొంత గోడు సంగతి. కౌంటే కల్లెన్ అనే కవి 1925 నాటి సంపుటిలో పన్నెండు పాదాల చిన్న కవిత ఒకటుంది. ఎనిమిదేళ్ల పిల్లాడు సంబరంగా బాల్టిమోర్ వెళ్తాడు. అక్కడ తన ఈడువాడే, తన కంటే ఏమాత్రం పెద్దవాడు కాని పిల్లాడొకడు తననే చూస్తుంటే నవ్వుతాడు. వాడు నాలుక వెళ్లబెట్టి, నల్లవాళ్లను తిట్టే ఆ మాట అంటాడు. మే నుంచి డిసెంబరు దాకా బాల్టిమోర్ అంతా చూశాను, అక్కడ జరిగినవాటన్నిటిలో నాకు గుర్తున్నది అదొక్కటే అని కవిత ముగుస్తుంది. అంతే. తీర్పు లేదు, పిలుపు లేదు. పిల్లల పాటలా తేలిగ్గా నడిచే లయలో ఎనిమిది నెలల బాల్యం కొట్టుకుపోయింది. పైగా ఆ మాట అన్నవాడూ పిల్లాడే. వాడికది ఎవరు నేర్పారన్న ప్రశ్న కవి అడగడు, మన నోటే అడిగిస్తాడు.

విచిత్రమేమిటంటే కల్లెన్‌కి నల్లజాతి కవి అనిపించుకోవడం ఇష్టం లేదు. 1926లో నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ‘ది నేషన్’ పత్రికలో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒక యువకవి మాటతో మొదలవుతుంది: నేను కవిని కావాలనుకుంటున్నాను, నీగ్రో కవిని కాదు. పేరు చెప్పలేదు గానీ ఆ యువకవి కల్లెనే అని అందరూ అనుకున్నారు. హ్యూస్‌కి ఆ మాటలో తెల్లవాడిగా పుట్టి ఉంటే బాగుండేదన్న కోరిక వినపడింది. మేం మా నల్లటి వ్యక్తిత్వాల్ని భయం, సిగ్గు లేకుండా చెబుతాం, తెల్లవాళ్లకు నచ్చితే సంతోషం, నచ్చకపోతే పోనీ అన్నాడు. ఆ వెంటనే అన్న మాటను చాలామంది దాటేస్తారు: నల్లవాళ్లకు నచ్చితే సంతోషం, నచ్చకపోయినా పోనీ. చదువుకున్న నల్లజాతి కుటుంబాలు అప్పట్లో అతని కవిత్వం మీద మండిపడుతున్నాయి. బ్లూస్ అనే నల్లవాళ్ల జానపద పాటలు, తాగుబోతులు, వంటమనుషులు, వీధి ఆడవాళ్లు, ఇవన్నీ రాసి మన పరువు తీస్తున్నాడని వాళ్ల బాధ. అంటే అస్తిత్వం అనేది ఒక జాతి అంతా కలిసి ఒప్పుకున్న ఒకే ముఖం కాదని, ఇంట్లో కూడా దాని మీద పేచీ ఉంటుందని 1926 నాటికే స్పష్టమైంది.

హ్యూస్ రాసినవాటిలో తెలుగు పాఠకుడికి వెంటనే అందేది, నేనూ అమెరికానే అని చెప్పే చిన్న కవిత. చుట్టాలొస్తే నన్ను వంటింట్లోకి పోయి తినమంటారు, నేను నవ్వుతాను, బాగా తింటాను, బలంగా ఎదుగుతాను, రేపు బల్ల దగ్గరే కూర్చుంటాను. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి తెలిసిన ఊళ్లవాళ్లం మనం. ఎక్కడ కూర్చోబెట్టి తినమంటారన్నది ఎంత పెద్ద రాజకీయమో మనకు వేరే చెప్పాలా. ఇలాంటి కవితలు రాసినవాణ్ణి 1953లో కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ కమిటీ పిలిపించి, నీ రాతల్లో కమ్యూనిజం ఉందా అని నిలదీసింది.

ఇప్పుడు గ్వెండలిన్ బ్రూక్స్ దగ్గరికి వద్దాం. ఈ చర్చంతా ఒక్క కవిలో చూడాలంటే నేను ఆమెనే చూపిస్తాను. షికాగో దక్షిణ భాగంలో నల్లవాళ్లుండే పేటలో పెరిగింది. 1950లో, అమెరికాలో పేరున్న సాహిత్య బహుమతి పులిట్జర్ అందుకున్న తొలి నల్లజాతి రచయిత. వీధి చివర బిలియర్డ్స్ ఆడే కుర్రాళ్ల మీద ఆమె రాసిన కవితలో ఇంగ్లీషులో మొత్తం 24 మాటలు, అన్నీ ఏకాక్షరాలే. బడివేళ ఆ పిల్లలు అక్కడ ఎందుకున్నారని కాకుండా, వాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటున్నారో అని ఆలోచించి ఆ కవిత రాశానని ఆమె చెప్పింది. ఎంత తేడా ఉందో చూడండి. మొదటిది టీచరు ప్రశ్న, పోలీసు ప్రశ్న. రెండోది కవి ప్రశ్న. ‘మేం’ అన్న మాట ప్రతి పాదం చివర వేలాడుతుంది, ఆగి, తర్వాతి పాదంలోకి దూకుతుంది. ఆఖరి పాదానికి వచ్చేసరికి దాని తర్వాత మేం అనడానికి ఎవరూ మిగలరు, ఎందుకంటే త్వరలో చస్తాం అన్నదే ఆ పాదం.

ఆమె రాసిన ఎమెట్ టిల్ కవితలు ఇంకా లోతైనవి. 1955 ఆగస్టులో షికాగో నుంచి మిసిసిపీలో బంధువుల ఇంటికి వెళ్లిన 14 ఏళ్ల ఎమెట్ టిల్ దుకాణంలో ఒక తెల్ల యువతితో చనువుగా ప్రవర్తించాడన్న ఆరోపణ మీద, ఆమె భర్త, అతని సవతి సోదరుడు కలిసి రాత్రిపూట ఎత్తుకుపోయి చంపారు. శవాన్ని నదిలో పడేశారు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచమంది. నా బిడ్డను ఏం చేశారో లోకం చూడాలంది. ఆ ఫొటోలు ‘జెట్’ పత్రికలో అచ్చయ్యాయి. పన్నెండుమంది తెల్ల మగవాళ్ల జ్యూరీ గంట పైచిలుకులో నిర్దోషులని తేల్చేసింది. కొన్ని నెలలకే ఆ ఇద్దరూ డబ్బు తీసుకుని ఒక పత్రికకు మేమే చంపామని చెప్పారు. ఒకసారి విడుదలైన కేసులో మళ్లీ విచారించకూడదన్న నియమం వాళ్లను కాపాడింది.

ఇంత జరిగాక ఒక నల్లజాతి కవయిత్రి దీని మీద రాస్తే ఎవరి గొంతుతో రాస్తుంది? తల్లి గొంతుతో అనుకుంటాం, లేకపోతే చనిపోయిన పిల్లాడి గొంతుతో. బ్రూక్స్ ఆ తెల్ల యువతి వంటింట్లోకి వెళ్లింది. తీర్పు తర్వాత ఒక ఉదయం ఆమె పొయ్యి దగ్గర నిలబడి ఉంది. బడిలో చదువుకున్న జానపద గాథల్లో లాగా తానొక సుకుమారి, భర్త తనను కాపాడిన రాకుమారుడు, చచ్చినవాడు నల్లటి దుష్టుడు అని కథ అల్లుకోవాలని చూస్తుంది. కథ కుదరదు. దుష్టుడు కాస్త పెద్దవాడై ఉండాలి కదా, వీడు పిల్లాడు. ఆలోచిస్తుండగా పెనం మీద మాంసం మాడిపోతుంది. ఎవరూ చూడకుండా చెత్తడబ్బాలో పడేస్తుంది. అద్దం ముందుకు వెళ్లి పెదాలకు రంగేసుకుంటుంది. ఈ ముఖం కోసమా నేను హత్య చేసిందని భర్తకు అనిపించకూడదు కదా. టిఫిన్ బల్ల దగ్గర పిల్లలు కొట్లాడుకుంటే భర్త చెయ్యి చాచి చిన్నవాడి చెంప మీద కొడతాడు. అంతే, ఆమె కంటికి ఇక నెత్తురు తప్ప ఇంకేమీ కనిపించదు. ఆ చేతులు తన భుజాల మీద పడినప్పుడు లోపల ద్వేషం విచ్చుకుంటుంది.

ఇందులో ఆ యువతి మీద జాలి చూపిందని కొందరు అనుకోవచ్చు. నేను అలా చదవను. జాత్యహంకారం ఒక ఇంట్లో ఎలా పనిచేస్తుందో, తెల్ల ఆడదాని గౌరవం అన్న పేరుతో చేసే హత్య ఆ ఆడదాన్నే ఎలా బందీ చేస్తుందో ఏ ఉపన్యాసమూ ఇంత దగ్గరగా చూపలేదు. దీని పక్కనే ఎమెట్ తల్లి మీద ఒక బుల్లి కవిత పెట్టింది బ్రూక్స్. తల్లి ఎర్రటి గదిలో కూర్చుని కాఫీ తాగుతోంది. చంపబడ్డ బిడ్డను ముద్దాడుతుంది. అక్కడ మాటలు దాదాపు లేవు. అబద్ధం చెప్పుకోవలసినవాళ్లకే పొడవాటి కథ కావాలి.

1967లో ఫిస్క్ విశ్వవిద్యాలయంలో జరిగిన నల్లజాతి రచయితల సదస్సు బ్రూక్స్‌ను మార్చేసింది. యాభయ్యేళ్ల వయసులో, పులిట్జర్ ఉన్న కవి, పేరున్న న్యూయార్క్ ప్రచురణ సంస్థను వదిలి డెట్రాయిట్‌లో డడ్లీ రాండాల్ నడిపే చిన్న ప్రెస్సుకు తన పుస్తకాలిచ్చింది. రాండాల్ లైబ్రేరియన్. 1965లో ఒక్కో కవితను ఒక్కో పెద్ద కాగితం మీద అచ్చేసి అమ్మడంతో ఆ సంస్థ మొదలుపెట్టాడు. మొదటి కాగితం మీద అచ్చయింది అతని సొంత గేయమే, బర్మింగ్‌హామ్ చర్చిలో 1963 సెప్టెంబరులో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయిన ఘటన మీద. అందులో కూతురు ఊరేగింపుకి వెళ్తానంటుంది. కుక్కలుంటాయి, లాఠీలుంటాయి, వద్దమ్మా, చర్చికి పో అని తల్లి తల దువ్వి, తెల్ల బూట్లు తొడిగి పంపుతుంది. పేలుడు వినగానే పరిగెత్తుకెళ్లిన తల్లికి శిథిలాల్లో ఒక బూటు దొరుకుతుంది. ఎవరికైనా అర్థమయ్యే మాటలు, తల్లీకూతుళ్ల సంభాషణ, జానపద బాణీ. జనానికి చేరే కవిత అంటే అది. ఒక కవిత ఎవరు అచ్చేస్తారు, ఎంతకు అమ్ముతారు, ఎవరి చేతికి చేరుతుందన్నది కూడా ఆ తరానికి కవిత్వంలో భాగమే.

ఆ తరం గొంతుల్లో అన్నిటికంటే గట్టిది అమీరి బరాకాది. 1965 ఫిబ్రవరిలో నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్ హత్య తర్వాత లీరాయ్ జోన్స్ అన్న పాత పేరుతో సహా పాత జీవితాన్ని వదులుకున్నవాడు. కవితలు పిడికిళ్లు కావాలి, తుపాకులు కావాలి అన్నాడు. 1967లో న్యూజెర్సీలోని నెవార్క్‌లో నల్లవాళ్ల తిరుగుబాటు సమయంలో పోలీసులు కొట్టి అరెస్టు చేశారు. శిక్ష వేసే రోజు జడ్జి ఒక పత్రికలో వచ్చిన అతని కవితను కోర్టులో చదివాడు. కవితను సాక్ష్యంగా చూపి జైలుశిక్ష పెంచిన ఆ తీర్పు పైకోర్టులో నిలవలేదు. మన దగ్గర విప్లవ కవుల మీద నడిచిన కేసులు ఎరిగినవాళ్లకి ఇది చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

అయినా బరాకాను నేను పూర్తిగా వెనకేసుకురాను. ఆ కవితల్లో యూదుల మీద ద్వేషం ఉంది, ఆడవాళ్ల మీద హింస ఉంది. అన్యాయానికి గురైనవాడి కోపం అని అన్నిటినీ మాఫీ చేయలేం. అతని కవిత్వంలో నిలిచిపోయేవి జాజ్ సంగీతపు ఊపిరితో నడిచే పాదాలు. తూటాల్లా పేల్చిన తిట్లకు ఆ బలం లేదు. నల్లజాతి ఉద్యమం ‘మేం’ అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న ప్రశ్న లేవనెత్తింది ఆడవాళ్లే.

ఆడ్రీ లార్డ్ తనను తాను నల్లజాతి మనిషినని, లెస్బియన్‌నని, తల్లినని, యోధురాలినని, కవినని పరిచయం చేసుకునేది. ఒక్కటి కూడా వదిలేది కాదు, ఎందుకంటే ఏ సభకు వెళ్లినా అందులో ఒకదాన్ని గుమ్మం బయట వదిలి రమ్మనేవాళ్లు. 1973లో న్యూయార్క్ క్వీన్స్‌లో పదేళ్ల క్లిఫర్డ్ గ్లోవర్‌ను ఒక పోలీసు కాల్చి చంపాడు. మరుసటి ఏడు జ్యూరీ అతన్ని వదిలేసింది. పదకొండుమంది తెల్ల మగవాళ్లు, ఒక్క నల్ల ఆడమనిషి. కారు నడుపుతుండగా రేడియోలో ఆ వార్త విని, బండి పక్కకు ఆపి లార్డ్ రాసుకున్న మాటలే ‘పవర్’ అన్న కవిత అయింది.

ఆ కవిత కవిత్వానికీ వాగాడంబరానికీ తేడా చెబుతూ మొదలవుతుంది. పిల్లల్ని కాక నిన్ను నువ్వు చంపుకోవడానికి సిద్ధపడటమే ఆ తేడా అంటుంది. అంటే ఇతరుల బిడ్డల నెత్తురును నీ ఆవేశానికి ముడిసరుకుగా వాడుకోకు, ముందు నీ లోపలికి చూసుకో అని. ఆ తర్వాత ఆమె ఎవర్నీ వదలదు, పోలీసును, జ్యూరీని, వాళ్ల ఒత్తిడికి తలూపిన ఆ నల్ల ఆడమనిషిని. నాలుగు అడుగుల పది అంగుళాల ఆ చిన్న మనిషిని నాలుగు శతాబ్దాల నిప్పుల మీదుగా ఈడ్చి ఒప్పించారని ఆమెకు తెలుసు. చివరికి తన దగ్గరికే వస్తుంది. ఈ కోపాన్ని సరైన దారిలో వాడుకోవడం నేర్చుకోకపోతే, ఏదో ఒక రోజు నేనే ఒక దిక్కులేని ముసలామె మీద పడి చంపుతానేమో, అప్పుడు చూశారా వీళ్లెలాంటి జంతువులో అని లోకం అంటుంది. నిరసన కవిత్వం కవి తనను తాను నీతిమంతుడిగా చూపుకోవడానికి రాసుకునేదని అనేవాళ్లు ఈ కవిత చదవాలి. ఇంత నిర్దాక్షిణ్యంగా తన చేతిని తానే వెలుతురులో పెట్టి చూసుకున్న కవులు ఏ భాషలోనైనా తక్కువే.

జూన్ జోర్డాన్ మరో దారిలో అక్కడికే చేరుకుంది. 1980 నాటి పుస్తకంలో ఆమె కవిత ఒకటి చాలా చిన్న కోరికతో మొదలవుతుంది. రాత్రిపూట ఒంటరిగా బయటికి నడిచి వెళ్లి ఆలోచించుకోవాలని ఉంది, వెళ్లలేను. ఎందుకు వెళ్లలేనన్న దాని వెంటపడి ఆమె అత్యాచార చట్టాల్లోకి, నమీబియాలోకి, అంగోలాలోకి, దక్షిణాఫ్రికాలోకి, కన్నతల్లి, కన్నతండ్రి తన ముక్కు మీద, జుట్టు మీద చేసిన వ్యాఖ్యల్లోకి వెళ్తుంది. చొరబాటు అన్నది ఒంటి మీద జరిగినా దేశం మీద జరిగినా దాని తర్కం ఒక్కటే అని ఆ కవిత ఊపిరి తీసుకోకుండా నిరూపిస్తుంది. ఆమె వీట్లీ మీద రాసిన వ్యాసం కూడా మంచిది. అరవైల్లో కుర్ర కవులు వీట్లీని బానిస బుద్ధి అని తీసిపారేస్తే, కొనుగోలు వస్తువుగా వచ్చిన ఏడేళ్ల పిల్ల కవి కావడమే కష్టసాధ్యమైన అద్భుతమని జోర్డాన్ నిలబడి చెప్పింది. ఆ వాదనలో నేను జోర్డాన్ పక్షం.

ఈ శతాబ్దానికి వస్తే హింస రూపం కొంత మారింది, కవిత్వమూ మారింది. 2014లో వచ్చిన క్లాడియా రాంకిన్ ‘సిటిజన్’ చాలావరకు వచనంలా ఉంటుంది, ‘నువ్వు’ అని పాఠకుణ్ణే పాత్రగా నిలబెడుతుంది. ఒక ఘటన చెబుతాను. మానసిక గాయాలకు చికిత్స చేసే ఒక కౌన్సెలర్‌తో నువ్వు ఫోన్లో మాత్రమే మాట్లాడావు. తొలిసారి ఆమె ఇంటికి వెళ్లి బెల్లు నొక్కావు. తలుపు తెరుచుకుంటుంది, నా ఇంటి దగ్గర నీకేం పని, పో అని ఆమె గొంతు చించుకుని అరుస్తుంది. అపాయింట్‌మెంట్ ఉందని చెబుతావు. అయ్యో, అవునవును, క్షమించు, క్షమించు అంటుంది. ఇందులో తూటా లేదు, లాఠీ లేదు. ఎవరి మీదా కేసు పెట్టలేం. ఇలాంటివి వరసగా చదివాక అదే పుస్తకంలో పోలీసుల చేతుల్లో, జాతి ద్వేషానికి చనిపోయినవాళ్ల పేర్లున్న పేజీ వస్తుంది. కొత్త ముద్రణ వచ్చినప్పుడల్లా ఆ పేజీలో పేర్లు పెరిగాయి. తలుపు దగ్గర అరుపుకీ ఆ జాబితాకీ మధ్య దారి ఉందని, ఆ దారి పొడవు ఎంతో కొలవమని ఆ పుస్తకం అడుగుతుంది.

2014 జులైలో న్యూయార్క్‌లో పోలీసు మెడ పట్టు కింద, ఊపిరాడటం లేదని 11 సార్లు చెప్పి చనిపోయిన ఎరిక్ గార్నర్ మీద వందల కవితలు వచ్చాయి. రాస్ గే రాసింది పదిహేను పాదాల్లో ఒకే ఒక్క వాక్యం. గార్నర్ కొంతకాలం నగర ఉద్యానవన శాఖలో మొక్కల పని చేశాడన్న చిన్న సంగతి పట్టుకుని, అతని పెద్ద చేతులు మట్టిలో మెల్లగా నాటిన మొక్కలు కొన్ని ఇంకా బతికే ఉండవచ్చని, చిన్న చిన్న జీవాలకు గూడు, తిండి ఇస్తూ, ఎండను ఆహారంగా మారుస్తూ, మనం ఊపిరి తీసుకోవడాన్ని సులువు చేస్తూ ఉండవచ్చని చెబుతుంది. మెడ పట్టు ఊసు లేదు, హంతకుడి పేరు లేదు. వార్తల్లో శవంగా మిగిలిన మనిషికి చేసిన పనిని, చేతుల్ని, ఓర్పును తిరిగి ఇచ్చింది.

ఈ కవిత్వంతో మనకు ఏం సంబంధం అనేవాళ్లకి రెండు సంగతులు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారు. నీగ్రోల పరిస్థితికీ అంటరానివాళ్ల పరిస్థితికీ చాలా పోలిక ఉందని, ఐక్యరాజ్యసమితికి నీగ్రోలు ఇచ్చిన విజ్ఞప్తి ప్రతులు కావాలని అడిగారు. 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్ వంటి కవులు పెట్టుకున్న సంస్థకు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టింది అమెరికాలోని నల్లజాతి పోరాట సంస్థ బ్లాక్ పాంథర్స్‌ని చూసే. ఇది ఒకటి. రెండోది డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లకి మరీ ముఖ్యం. 1946 నుంచి రెండు దశాబ్దాలు భారతదేశానికి ఏడాదికి వంద మంది కోటా ఉండేది. ఆ కోటాల గోడ కూల్చిన 1965 వలస చట్టం, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులోనే వచ్చింది. ఆ వీధుల్లో కుక్కలకూ నీటి ఫిరంగులకూ ఎదురు నిలిచినవాళ్లు తెరిచిన తలుపులోంచే తెలుగు ఇంజనీర్లు, డాక్టర్లు లోపలికి నడిచారు. ఆ దేశంలో స్థిరపడి, నల్లవాళ్ల పేట అంటే కారు అద్దాలు ఎత్తుకునే మనవాళ్లను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. వాళ్ల పిల్లలు ఈ కవితల్ని బడిలో చదువుతున్నారు. పిల్లలతో పాటు పెద్దలూ చదివితే బాగుంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, చిన్నవాటితో. కల్లెన్ బాల్టిమోర్ కవిత, రాస్ గే కవిత ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకీ అందుతాయి. బ్రూక్స్ బిలియర్డ్స్ కుర్రాళ్ల కవితను కాగితం మీద చదివే ముందు ఆమె గొంతుతో వినండి, రికార్డింగులు దొరుకుతాయి. పాదం చివర ‘మేం’ను ఆమె గట్టిగా పలకదు. తమ మీద తమకే నమ్మకం లేని పిల్లలు ఎలా అంటారో అలా, దాదాపు మింగేస్తుంది. ఎమెట్ టిల్ కవితలకు ముందు మాత్రం ఆ కేసు వివరాలు, కోర్టులో ఎవరేం చెప్పారో ఒకసారి చదువుకోండి. అవి తెలియకపోతే మాడిన పెనం, పెదాల రంగు అర్థం కావు. తర్వాత రెండు కవితలూ వరసగా చదవండి, ముందు పొడవాటిది, ఆ తర్వాత చిన్నది.